రాని పిల్లల లెక్క ఎవరు రాస్తారు?

మార్కాపురం పలకలకు పేరుపడిన ఊరు. పలకకు ఒక సుగుణం ఉన్నది. పిల్లవాడు తప్పు రాస్తే పంతులుగారికి అప్పుడే కనబడుతుంది. అప్పుడే చెరిపి దిద్దిస్తారు. ఆన్‌లైన్ క్లాసులు వచ్చినప్పుడు మన పశ్చిమ ప్రాంతపు పిల్లలు పోగొట్టుకున్నది ఈ సుగుణాన్నే.

కరోనా కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. రాష్ట్రంలో 9, 10 తరగతులకు నవంబరు 2న గాని తలుపులు తెరుచుకోలేదు. 2021 వేసవిలో మళ్లీ మూతపడి ఆగస్టు 16న తెరిచారు. ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టిన ఉపాధ్యాయులు సైతం ఆ రోజుల్లో తొలిసారి ఫోను ముందు కూర్చుని పాఠం చెప్పవలసి వచ్చింది. ఫోనును పుస్తకాల దొంతికి ఆనించి, “వినిపిస్తోందా?” అని పదే పదే అడుగుతూ మొదలుపెట్టారు. తెర మీద పేర్లే గాని ముఖాలు లేవు. ఎదుట ముఖం కనబడనప్పుడు పాఠం అర్థమైందో లేదో ఎంత అనుభవజ్ఞుడికైనా తెలియదు. అయినా చెప్పారు. వారి శ్రమను తక్కువ చేయరాదు.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. క్లాసుకు ఎందరు వచ్చారన్నదే లెక్కలోకి వచ్చింది గాని, ఎవరు రాలేకపోయారన్నది రాలేదు. ఇంటికి ఒకే ఫోను. అది పనికి వెళ్లిన తండ్రి జేబులో ఉంటుంది. అన్నకూ చెల్లెలికీ ఒకే వేళకు క్లాసు పెడితే ఒకరు మానుకోవలసిందే. నల్లమలలోని చెంచు గూడేలలో సిగ్నలే అందని చోట్లున్నాయి.

2020 సెప్టెంబరులో దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో జరిగిన అసర్ సర్వే ప్రకారం వందకు సుమారు 62 మంది పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నది. సర్వేకు ముందు వారంలో ప్రత్యక్ష ఆన్‌లైన్ క్లాసు అందినది మాత్రం వందకు 11 మందికే. ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన పాఠం అందినట్లు కాదని దీనినిబట్టి తెలుస్తున్నది.

2020, 2021లలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ ఉత్తీర్ణులను చేశారు. ఆ పరిస్థితిలో వేరే దారి లేకపోవచ్చు. కాని ఎవరికి పాఠం అందలేదో ఆ సర్టిఫికెట్టు చెప్పదు.

దూరం నుంచి పాఠం చెప్పడం కొత్త కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. వాటిలో మన రాష్ట్రపు గ్రామాలు కూడా ఉన్నాయి. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరి కూడా పాఠాలు ప్రసారం చేసింది. టీవీకి లేనిదీ, ప్రత్యక్ష క్లాసుకు ఉన్నదీ ఒక్కటే. పిల్లవాడు తిరిగి ప్రశ్న వేయవచ్చు. అందరి మైకులూ కట్టేసి గంటసేపు ఏకధాటిగా చెబితే అదీ టీవీయే.

ఏమీ లేనిదానికంటే ఆన్‌లైన్ క్లాసు మేలు కదా అని కొందరు అనవచ్చు. నిజమే. కాని అది వచ్చినవారికే మేలు. రానివారు ఆ మేరకు మరింత వెనుకబడతారు.

మళ్లీ అట్టి అవసరం రాదని చెప్పలేము. 2024 నవంబరులో గాలి కాలుష్యం వల్ల ఢిల్లీలో బడులు ఆన్‌లైన్‌కు మళ్లాయి. రేపు తుపానో మరో జబ్బో మన బడులనూ మూయించవచ్చు. అందుకు తయారీ ఇప్పుడే జరగాలి. ఏ ఇంట ఫోను ఉన్నది, అది ఏ వేళ పిల్లల చేతికి వస్తుంది అన్నది ప్రతి బడిలో రాసి ఉంచాలి. క్లాసు సాయంత్రం పెడితే తండ్రి ఫోను ఇంటికి చేరుతుంది. పాఠం క్లుప్తంగా చెప్పి, మిగిలిన సమయం పేరు పిలిచి ప్రశ్నలు అడగాలి. రాలేని పిల్లలకు అదే వారంలో అదే పాఠం కాగితం మీద రాసి ఇంటికి పంపాలి. వీలైన ఊళ్లలో గుడి మండపం దగ్గరో, రచ్చబండ దగ్గరో కూర్చోబెట్టి చెప్పాలి. ఉపాధ్యాయులకు ముందుగానే శిక్షణ ఇచ్చి, రీచార్జి ఖర్చు వారి జేబు మీద పడకుండా చూడాలి.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం వరకు ప్రతి బడిలో హాజరుపట్టీ పక్కన మరొక పుస్తకం ఉంటే చాలు. అందులో రాలేనివారి పేర్లూ, కారణాలూ రాయించే బాధ్యతను విద్యాశాఖ అధికారులు బడులు నడుస్తున్న రోజుల్లోనే తీసుకోవాలి.