మడికొండలో కూర్చుని వంద సర్వర్లు: చేత్తో ఇన్‌స్టాల్ చేసే అలవాటు ఇక వద్దు

కొత్త ఫోన్ కొన్నప్పుడు మనం ఏం చేస్తాం? గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, పాత ఫోన్ బ్యాకప్ సెలెక్ట్ చేస్తాం. టీ తాగి వచ్చేసరికి యాప్‌లన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఒక్కో యాప్‌ని ప్లేస్టోర్‌లో వెతికి వేసుకునే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు.

మరి ఆ యాప్‌ల వెనక పనిచేసే సర్వర్ల సంగతేంటి? చాలా చోట్ల ఇప్పటికీ ఒక్కో సర్వర్‌లోకి లాగిన్ అయ్యి, నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న కమాండ్లని కాపీ పేస్ట్ చేస్తున్నారు. ఇది తప్పు పద్ధతి అనేది నా అభిప్రాయం. టైమ్ వేస్ట్ అవడం ఒక్కటే కాదు, ఇలాంటి పని మీద ఆధారపడిన ఉద్యోగానికి భద్రత ఉండదు.

దీన్ని మడికొండ వైపు నుంచి చూద్దాం. కాజీపేట పక్కనే, హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఈ ఊరి ఐటీ పార్క్‌లో 2020 జనవరి 7న టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లని అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. వరంగల్ పిల్లలు ఉద్యోగం కోసం హైదరాబాద్ బస్సు ఎక్కకుండా ఉండాలన్నదే దాని వెనకున్న ఆశ. కానీ ఒక విషయం మర్చిపోవద్దు. మడికొండ నుంచి చేయగలిగిన పనిని ప్రపంచంలో ఇంకో మూల నుంచి కూడా చేయొచ్చు. కాబట్టి ఎంతమందికి ఉద్యోగం వచ్చిందనే దానితో పాటు, ఎలాంటి పని వచ్చిందనేది కూడా చూడాలి. కమాండ్లు టైప్ చేసే పని ఎంత తేలిగ్గా వస్తుందో అంత తేలిగ్గా పోతుంది.

చేత్తో చేసే పని ఎంత ప్రమాదమో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఉదాహరణ చాలు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్‌లోకి దిగింది. దాన్ని 8 సర్వర్లలో వేయాల్సింది, 7 సర్వర్లలోనే పడింది. ఒకదాంట్లో మర్చిపోయారు. రెండో మనిషి చెక్ చేయలేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లోని పాత కోడ్ లేచి, అడ్డూ అదుపూ లేకుండా ఆర్డర్లు పెట్టేసింది. దాదాపు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాదికి ఆ కంపెనీ గెట్కో అనే ఇంకో కంపెనీలో కలిసిపోయింది. ఇంత నష్టానికీ మొదలు, ఒక్క సర్వర్‌ని మర్చిపోవడం.

ఇలా మర్చిపోకుండా ఉండటానికే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ టూల్స్ పుట్టాయి. 1993లో మార్క్ బర్గెస్ నార్వేలో సీఎఫ్‌ఇంజిన్ మొదలుపెట్టారు. 2005లో పప్పెట్, 2009లో చెఫ్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. వీటిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకి నా ఓటు యాన్సిబుల్‌కే. అవతలి సర్వర్‌లో ప్రత్యేకంగా ఏజెంట్ వేయక్కర్లేదు, ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. రాసేది కూడా చదవడానికి తేలికైన యామల్ ఫైల్, దాన్నే ప్లేబుక్ అంటారు.

"మామూలు స్క్రిప్ట్ రాసుకుంటే సరిపోదా?" అని అడగొచ్చు. తేడా ఇక్కడే ఉంది. సెట్టింగ్స్ ఫైల్ చివర ఒక లైన్ కలిపే స్క్రిప్ట్‌ని రెండుసార్లు రన్ చేస్తే ఆ లైన్ రెండుసార్లు పడుతుంది. ప్లేబుక్‌లో "ఈ లైన్ ఉండాలి" అని రాస్తాం. లేకపోతే కలుపుతుంది, ఉంటే ముట్టుకోదు. మీరు ఏం చేయాలో చెప్పడం లేదు, చివరికి ఎలా ఉండాలో చెబుతున్నారు. అందుకే ఒక సర్వర్ అయినా వంద సర్వర్లు అయినా అదే ఫైల్ పనికొస్తుంది.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. ఆటోమేషన్‌తో తప్పు కూడా వంద చోట్లకి ఒకేసారి వెళ్తుంది కదా? నిజమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లని పడేసింది. కానీ అందుకని మళ్లీ చేత్తో చేయడం మొదలుపెట్టలేం. యాన్సిబుల్‌లో చెక్ మోడ్ ఉంది, ఏం మారబోతోందో ముందే చూపిస్తుంది. సీరియల్ అనే సెట్టింగ్‌తో ముందు రెండు సర్వర్లలో వేసి, బాగుంటేనే మిగతావాటికి వెళ్లొచ్చు. ఫైల్‌ని గిట్‌లో పెడితే ఇంకొకరు చదివి ఓకే చేశాకే రన్ చేయొచ్చు. మనిషి తలలో ఉన్న స్టెప్స్‌ని ఎవరు రివ్యూ చేస్తారు చెప్పండి?

"మరి ఉద్యోగాలు పోవా?" అంటే, కొన్ని పోతాయి, దాచిపెట్టి లాభం లేదు. పోయేవి కమాండ్లు టైప్ చేసేవి. ఆ ప్లేబుక్ రాసేవాళ్లు, అది ఎక్కడ తప్పుతుందో ఊహించగలిగేవాళ్లు మాత్రం కావాలి. ఎన్ఐటీలో చదివినా, కాకతీయ యూనివర్సిటీ కింద డిగ్రీ చదివినా, మడికొండ గేటు లోపలికి వెళ్లేటప్పుడు రెండో రకం పని చేతిలో ఉండాలి.

నేర్చుకోవడానికి ఖర్చేం లేదు. డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీయండి. ఎఫ్‌-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ వేసి, అందులో పైథాన్, ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఫోనే మీ మొదటి సర్వర్. టెర్మక్స్‌లో ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ 22 కాదు, 8022 అని గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే సరే, విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్‌లో యాన్సిబుల్ పెట్టుకోండి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఫైల్‌లో అలాగే రాయొద్దు, దానికి యాన్సిబుల్ వాల్ట్ ఉంది.

ఒక చిన్న ప్లేబుక్ రాసి రెండుసార్లు రన్ చేయండి. రెండోసారి రిజల్ట్‌లో చేంజ్డ్ దగ్గర సున్నా కనిపించాలి. తర్వాత ధైర్యం చేసి టెర్మక్స్ డేటా మొత్తం తుడిచేయండి. పైథాన్, ఎస్ఎస్‌హెచ్ మళ్లీ పెట్టాక, మిగతాదంతా ఒక్క కమాండ్‌తో తిరిగి రావాలి. అలా వచ్చిందంటే రెజ్యూమేలో రాసుకోవడానికి మీ దగ్గర ఒక నిజమైన లైన్ ఉన్నట్టే.