ఖూన్ మీద నింద, షుగర్ మీద పర్దా

మొన్న ఖాలూ బర్సీకి ముత్తుకూరు వెళ్ళాను. ఫాతెహా అయ్యింది, దస్తర్‌ఖాన్ పరిచారు, బగారా అన్నం, దాల్చా వచ్చాయి. ఖాలూ వాళ్ళ అన్నయ్యను మేమంతా బడే ఖాలూ అంటాం. ప్రతి ఏడూ అనే మాటే ఆయన మళ్ళీ అన్నారు: "క్యా కర్నా మియా, హమారే ఖాన్‌దాన్ కా ఖూనిచ్ వైసా." మా వంశం రక్తమే అంత, ఏం చేస్తాం అని. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఈసారి ఆయనకు సైన్స్ కూడా తోడొచ్చింది. డిగ్రీ చదివే మనవడు ఫోన్ చూపించి, "దాదా చెప్పేది కరెక్టే. కరోనా సీరియస్ అయ్యే జీన్ మనవాళ్ళలో ఎక్కువంట" అన్నాడు.

ఆ పిల్లవాడు చెప్పింది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజంతో ఒక ఇల్లు ఎంత హాయిగా కళ్ళు మూసుకోగలదో ఆ రోజు చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ జీన్ సంగతి. 2020లో హ్యూగో జెబెర్గ్, స్వాంతె పాబో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విషయం బయటపెట్టారు. పాబోకు తర్వాత 2022లో నోబెల్ కూడా వచ్చింది. మన 3వ క్రోమోజోమ్ మీద ఒక ముక్క ఉంది. అది దాదాపు 60 వేల ఏళ్ళ కిందట నియాండర్తల్ అనే పాత మానవజాతి నుంచి మనకు వచ్చింది. అది ఉన్నవాళ్ళకు కరోనా సోకితే ఆసుపత్రి దాకా వెళ్ళే ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు. యూరప్‌లో 16 శాతం మందిలో ఉంటే, మన దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఈ ముక్క కనీసం ఒక కాపీ ఉంది. బంగ్లాదేశ్‌లో 63 శాతం.

ఇక్కడిదాకా చదివి ఆగిపోతే బడే ఖాలూ మాటే ఖాయం. కానీ 2021లో మన దేశపు శాస్త్రవేత్తలు, వాళ్ళలో హైదరాబాద్ సీసీఎంబీ తంగరాజ్ గారు కూడా ఉన్నారు, ఈ ముక్క ఎక్కడ ఎక్కువ ఉందో, ఎక్కడ కరోనా ఎక్కువ మందిని తీసుకుపోయిందో పక్కపక్కన పెట్టి చూశారు. దక్షిణాసియాలో రెండింటికీ పొంతన కుదరలేదు. ఇది జనసమూహాల లెక్క, ఒక్కో రోగిని చూసి తేల్చింది కాదు. అయినా ఒకటి ఆలోచించండి. సగం మందిలో ఉన్న ముక్క ఒక ఇంటి ఖాన్‌దానీ శాపం ఎలా అవుతుంది? మన వీధి చివర రెడ్డిగారింట్లోనూ ఉంటుంది, పట్టపుపాళెంలో వల అల్లుకునే ఇంట్లోనూ ఉంటుంది. మన తెలుగు ముసల్మానుల రక్తంలో ఎక్కువ భాగం ఈ నేల మనుషులదే, అరేబియాది కాదు. 2020 ఏప్రిల్‌లో కోటమిట్ట పేరును కొందరు ఏ గొంతుతో పలికారో నేను మరిచిపోలేదు. వైరస్‌కు మజ్‌హబ్ అంటగట్టినప్పుడు మనకు ఎంత కోపం వచ్చింది! ఇప్పుడు మనమే దానికి నసల్ అంటగడుతున్నాం.

మన జిల్లాకు మొదటి కేసు చరిత్ర కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులోనే తేలింది. ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడు. వయసులో ఉన్నవాడు, కోలుకుని ఇంటికి వెళ్ళాడు. అప్పుడు అందరం వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందనే చూశాం. ఎవరి ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందో అడగడానికి మనకు ఇంకో ఏడాది పట్టింది.

ఆ జవాబు కూడా మన దగ్గరే దొరికింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల వివరాలతో రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వేసింది. 84,965 మంది రోగులు, వాళ్ళను కలిసిన 5,75,071 మంది. చనిపోయినవాళ్ళలో 63 శాతం మందికి ముందే ఏదో ఒక జబ్బు ఉంది. 45 శాతం మందికి షుగర్. ఇంకో లెక్క నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అమెరికాలో కరోనాతో పోయినవాళ్ళలో సగానికి పైగా 75 దాటినవాళ్ళు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు 18 శాతమే. అంటే మన దగ్గర పోయినవాళ్ళలో ఎక్కువ మంది ఇల్లు నడిపే వయసువాళ్ళు. పిల్లల నికాహ్‌లు ఇంకా మిగిలి ఉన్నవాళ్ళు.

మా ఖాలూకు 52. రొయ్యల మేత వ్యాపారం, సొంతంగా రెండు చెరువులు. పొద్దున్నే చెరువు గట్టు మీద ఉండేవారు. నీళ్ళలో ఉప్పు ఎంత, పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత, అన్నీ పుస్తకంలో రాసేవారు. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఏరేటర్ల కోసం లేచి పరిగెత్తేవారు. ఆక్సిజన్ కాస్త తగ్గితే తెల్లారేసరికి పంటంతా తేలిపోతుందని ఆయనకు బాగా తెలుసు. అదే మనిషి తన ఒంట్లో చక్కెర ఎంతో ఒక్కసారి కూడా చూపించుకోలేదు. దాహం ఎక్కువైతే ఎండ అన్నారు. రాత్రి నాలుగుసార్లు లేస్తే వయసు అన్నారు.

2021 రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది, రెండో వేవ్ కూడా అప్పుడే పైకి లేచింది. ఆయనకు జ్వరం వచ్చిన రెండో రోజే ఒక మెడికల్ షాపులో స్టెరాయిడ్ బిళ్ళలు ఇచ్చారు. ఊరంతా అదే వాడుతోంది, ఆయనా వేసుకున్నారు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడిన మందే. 2020 జూన్‌లో ఇంగ్లాండ్ రికవరీ ట్రయల్ అది తేల్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ పెట్టినవాళ్ళలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఏ ఫాయిదా కనబడలేదు. వైరస్ ఇంకా పెరుగుతున్న తొలి రోజుల్లో స్టెరాయిడ్ వేస్తే, దాన్ని ఆపాల్సిన ఒంటి సైన్యం చేతులు కట్టేసినట్టు. పైగా అది చక్కెరను అమాంతం పైకి లేపుతుంది. ఆ నెలల్లో బ్లాక్ ఫంగస్ ఎవరి కళ్ళు, దవడలు తీసుకుపోయిందో గుర్తు చేసుకోండి. ఎక్కువగా షుగర్ ఉండి స్టెరాయిడ్ పడినవాళ్ళవే.

ఖాలూను ఆసుపత్రిలో చేర్చిన రోజు షుగర్ 400 దాటి ఉంది. "ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని డాక్టరమ్మ అడిగితే ఖాలా, "నహీం, ఉన్కు షుగర్ నహీం" అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇరవయ్యో రోజాన వెళ్ళిపోయారు. జనాజాకు ఆరుగురం ఉన్నాం.

ఆ నెల చివర్లో మా పక్కనే కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం జనం కిలోమీటర్ల కొద్దీ నిలబడ్డారు. బడే ఖాలూ కూడా నిలబడ్డారు. ఆ మందు మంచిచెడ్డల్లోకి నేను పోను. కంట్లో వేసేదానికి కాకుండా, మిగతావాటిలో కొన్నిటికి మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, ఆ కథ అందరికీ తెలుసు. నా బాధ వేరు. ఒక నుస్ఖా కోసం ఎండలో రోజంతా నిలబడే ఓపిక మనకుంది. వేలు మీద సూది గుచ్చి చూసుకోవడానికి రెండు నిమిషాల ఓపిక లేదు.

బడే ఖాలూకు కూడా కరోనా వచ్చింది. అప్పటికి ఆయనకు 68, బీడీ మనిషి. బతికారు. తమ్ముడిదీ ఆయనదీ ఒకే ఖూన్. తేడా ఏమిటంటే ఆర్టీసీలో పనిచేసిన రోజుల నుంచి ఆయనకు బీపీ ఉందని తెలుసు, ఇరవై ఏళ్ళుగా రోజూ బిళ్ళ వేసుకుంటున్నారు, షుగర్ పరీక్ష ఏటా అవుతోంది. ఒక్క ఇంటి కథతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. వయసే అన్నిటికన్నా పెద్ద ముప్పు, అందులో మగవాళ్ళకు మరికాస్త ఎక్కువ. ఆ లెక్కన పోవాల్సింది అన్న. పోయింది తమ్ముడు.

ఖాన్‌దాన్ మాటకు చోటు లేదని నేననను. నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో నలుగురు కుర్రాళ్ళు, ఏ జబ్బూ లేనివాళ్ళు, వెంటిలేటర్ దాకా వెళ్ళారు. ఒకరు పోయారు. చూస్తే అందరిలోనూ టీఎల్ఆర్7 అనే జన్యువు పనిచేయడం లేదు. వైరస్ రాగానే ఒళ్ళు మోగించే తొలి గంట ఇంటర్‌ఫెరాన్, ఆ గంట వాళ్ళలో సరిగా మోగలేదు. అలాంటి లోపాలు చాలా అరుదు. వాటిలో కొన్ని చాచా కూతురు, మామూ కొడుకు రిష్తాలు తరతరాలుగా నడిచే ఇళ్ళలో పిల్లలకు రావడానికి ఎక్కువ అవకాశం. కాబట్టి మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడుచువాళ్ళు మామూలు జ్వరాలకే ఐసీయూ దాకా వెళ్ళి ఉంటే, అది డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అక్కడ ఖూన్ మాట పనికొస్తుంది.

ఇంకో చోట కూడా పనికొస్తుంది. షుగర్ కూడా ఖాన్‌దాన్‌లో నడిచేదే! 2023లో ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు. మనవాళ్ళకు అది తెల్లవాళ్ళ కంటే ముందే, ఒళ్ళు అంతగా లేకుండానే వస్తుంది. తండ్రికి ఉంటే కొడుకు ముప్పైల్లోనే చూపించుకోవాలి. బడే ఖాలూ సరైన మాటే అంటున్నారు, చూపించాల్సిన జబ్బును వదిలేసి వైరస్‌ను చూపిస్తున్నారు. మన ఆడవాళ్ళ సంగతి మరీ ఘోరం. కాన్పులయ్యాక ఖాలాకు ఎవరైనా బీపీ చూశారా అంటే ఆ ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అందుకే మర్నాడు పొద్దున, పరగడుపున, ఖాలానూ ఇద్దరు తమ్ముళ్ళనూ ఆటోలో ఎక్కించుకుని సర్కారీ దవాఖానాకు తీసుకెళ్ళాను. ఖాలా దారంతా సణిగింది. ఆమెకు బీపీ ఎక్కువగా ఉంది, షుగర్ అంచున ఉంది. చిన్నవాడికి ఏమీ లేదు. ఇప్పుడు చెరువులు చూస్తున్నది పెద్దవాడు. వాడికి 31. వాడి చీటీ మీద పరగడుపు షుగర్ 212.

వాడు ఆ చీటీ రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "అమ్మీకి చెప్పొద్దు భాయిజాన్" అన్నాడు.

ఖాలా పక్క బెంచీ మీదే కూర్చుని ఉంది. చీటీ వాడి జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను.