ఎదిగేది బిడ్డ, పేరు మందుకు

వీర్నపల్లి తండాల్లోనైనా, సిరిసిల్ల మరమగ్గాల వాడల్లోనైనా, ఏడాది దాటినా మెడ నిలపని బిడ్డ ఉన్న ఇంటికి పసరు మందు మొదలుకొని నగరంలోని మూలకణాల ఇంజెక్షన్ దాకా సలహాలకు కొదవ ఉండదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే గర్భంలోనో కాన్పులోనో తొలి ఏళ్లలోనో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు అదుపు తప్పే స్థితి, ముదిరేదీ కాదు, పూర్తిగా మానేదీ కాదు. అయితే బిడ్డ ఎదుగుతూ కొన్ని పనులు తనంతట తానే నేర్చుకుంటుంది గనుక, ఆ ఎదుగుదల పేరు అప్పుడు వాడుతున్న మందుకు దక్కుతుంది.

ఉదాహరణకు, కెనడాలోని క్యుబెక్‌లో ఈ స్థితి ఉన్న 111 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అధిక పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను, రెండో జట్టుకు కాస్త పీడనంతో మామూలు గాలిని 40 విడతలు అందించి చూడగా, రెండు జట్లూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డాయని 2001లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. పోల్చి చూసే రెండో జట్టే లేకపోతే ఆ ఘనత అంతా ఆక్సిజన్‌కే దక్కేది.

నూనె మర్దనతో బిడ్డకు హాయి కలిగితే అభ్యంతరం లేదు, దానితో నడక వస్తుందనడమే తప్పు. వాతలు పెట్టడం మాత్రం హింసే. మూలకణాల చికిత్సను ఇటువంటి జబ్బులకు ప్రయోగంగా తప్ప చేయరాదనీ, ప్రయోగానికి రోగి నుంచి డబ్బు తీసుకోరాదనీ భారత వైద్య పరిశోధన మండలి 2017లోనే మార్గదర్శకాలిచ్చినా, పొలం అమ్మి వచ్చే తల్లిదండ్రులకు ఆ మాట చెప్పేవారు కరువయ్యారు.

ఆధారం ఉన్న పద్ధతులు ఆడంబరం లేనివి: బిడ్డకు రావలసిన పనినే రోజూ చేయించడం, ఒక పక్కనే బలహీనత ఉంటే బాగున్న చేతిని కొంతసేపు ఆపి రెండో చేతిని వాడించడం. రోజూ జరగవలసిన ఈ అభ్యాసానికి ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో వారానికి ఒక రోజు జరిగే ఫిజియోథెరపీ ఏం సరిపోతుంది? దానికీ తల్లి ఒక రోజు బీడీల కూలి వదులుకొని బిడ్డను ఎత్తుకొని పోవాలి. ఇక 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని పేరు పెట్టి గుర్తించినా, నెలకు 4,016 రూపాయల పింఛను కోసం అదే బిడ్డను వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరానికి మోయించి, శాతాలు లెక్కగట్టి నిరూపించమనడం అన్యాయం. సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అక్కడి నిపుణులు తండాలకు వెళ్లి, ధ్రువపత్రం ఇంటి వద్దే ఇచ్చి, తల్లులకు అభ్యాసం నేర్పే ఏర్పాటును జిల్లా యంత్రాంగం వెంటనే చేయాలి.