పిల్లల వాటా

నగర బడ్జెట్‌లో కోత పడాల్సి వచ్చినప్పుడు తరచూ ముందు తగ్గేది పిల్లల పద్దే. వాళ్లకు ఓటు లేదు మరి. శాన్ ఫ్రాన్సిస్కో దీనికి ఓ దారి వెతికింది. 1991లో అక్కడి ఓటర్లు నగర చార్టర్‌నే సవరించి, ఆస్తిపన్నులో కొంత భాగాన్ని ఏటా పిల్లల నిధికి రాసిచ్చారు. 2000లో అది వంద డాలర్ల ఆస్తి విలువకు 3 సెంట్లయింది. 2014లో దాన్ని దశలవారీగా 4 సెంట్లకు పెంచి, గడువును 25 ఏళ్లకు పొడిగించారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇంకో నిబంధన. కొత్త నిధి ఉంది కదా అని, పిల్లల మీద అంతకుముందు పెడుతున్న ఖర్చును నగరం తగ్గించడానికి లేదు. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కునే వీలు లేదన్నమాట. పైగా డబ్బు పంచేముందు కుటుంబాల అవసరాలేమిటో అడిగి తెలుసుకోవాలి.

మన కేంద్ర బడ్జెట్‌లోనూ 2008-09 నుంచి పిల్లల కేటాయింపుల పట్టిక విడిగా వస్తోంది. మంచిదే. కానీ అది ఎంత ఇచ్చారో చూపుతుంది, కోతను ఆపలేదు. మన పురపాలక సంఘాలు వసూలు చేసే ఆస్తిపన్నులో పిల్లల వాటా ఎంత ఉండాలి? ఈ సంచికలో ఆ చర్చ మొదలుపెడుతున్నాం.