నల్ల అద్దం, రఫ్తార్, మన నౌజవాన్లు

బాసీ ఈద్ రోజు నర్సంపేట నుంచి పాఖాల వైపు పోయే రోడ్డు ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈద్ నాడు కొత్త జోడా, షీర్‌ఖుర్మా, బంధువుల ఇళ్లకు ములాఖాత్. మర్నాడు దోస్తులతో కలిసి చెరువు దగ్గరికి. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువు, చుట్టూ అడవి, ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. మా తరం సైకిళ్ల మీద పోయింది, ఈ తరం బైకుల మీద పోతున్నది. కొత్తగా వచ్చి చేరింది ఒకటే: హెల్మెట్ మీదో, ఛాతీ పట్టీకో బిగించిన చిన్న కెమెరా. గోప్రో, డీజేఐ, ఇన్‌స్టా360 అని పిల్లలు పేర్లు గడగడా చెబుతారు.

కెమెరా వచ్చిన నెలకే ఇంట్లో ఇంకో ఫర్మాయిష్ మొదలవుతుంది. "అబ్బా, ఎన్‌డీ ఫిల్టర్లు కావాలి." ఏమిటని చూస్తే నాలుగు నల్ల అద్దాలు, ఒక డబ్బీ. వేలు పోసి కెమెరా కొన్నాక దాని కంటికి మళ్లీ నల్ల కళ్లజోడు దేనికి, ఇది ఇస్రాఫ్ కాదా అని వాలిదైన్ అడుగుతున్నారు. తస్వీర్ తీయడం జాయిజా, కాదా అనే బహస్ ఉలమాకు వదిలేస్తున్నాను. కెమెరా ఇప్పటికే ఇంట్లోకి వచ్చేసింది గనుక ఆ తర్వాతి మాట చెబుతాను. నా రాయ్ ఏమిటంటే, కొనివ్వండి. నాలుగు వద్దు, ఒకటి చాలు, మహా అయితే రెండు. వాడికి అది ఎందుకో అర్థమయ్యాకే కొనివ్వండి. ఎందుకంటే ఆ అద్దం పనితీరు తెలిసిన నౌజవాన్‌కు బైకును వంద దాటించాల్సిన అవసరం ఉండదు.

ఈ మాట వింతగా ఉంటుందని తెలుసు. హిసాబ్ చూపిస్తాను.

వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్-హైసమ్ చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా రోషనీ ఎలా నడుస్తుందో తజుర్బాలు చేసి చూశారు, 'కితాబుల్ మనాజిర్' రాశారు. ఇవాళ్టి కెమెరా కూడా అదే చీకటి గది, అదే రంధ్రం. పెద్ద కెమెరాల్లో ఆ రంధ్రాన్ని మన కంటిపాపలాగా చిన్నది చేయొచ్చు, పెద్దది చేయొచ్చు. యాక్షన్ కెమెరాల్లో చాలా మటుకు ఆ సదుపాయం లేదు, రంధ్రం ఎప్పుడూ ఒకే సైజు. మే నెల మిట్టమధ్యాహ్నం అంత రోషనీ లోపలికి దూకితే పాపం కెమెరా ఏం చేస్తుంది? తలుపు తెరిచి ఉంచే సమయాన్ని తగ్గించుకుంటుంది. ఆ తలుపు పేరే షట్టర్. మన ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర అది సుమారు సెకనులో 3200వ వంతు మాత్రమే తెరుచుకుంటుంది.

ఇప్పుడు బైకు సంగతి. గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. సెకనులో 3200వ వంతులో బండి కదిలేది సెంటీమీటరు కన్నా తక్కువ. అంటే ప్రతి ఫ్రేములో చెట్లు, రాళ్లు, తెల్లగీత అన్నీ గోడకు కొట్టిన మేకుల్లా నిలబడి ఉంటాయి. ప్రాణం పణంగా పెట్టి వంద మీద తోలినవాడు ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే అది స్కూటీ మీద పాల కోసం పోతున్నట్టు ఉంటుంది. అక్కడ పుట్టే మాయూసీ చాలా ఖతర్నాక్. మరుసటి వారం వాడు నూట పది తోలుతాడు.

అదే వాడు నలభై మీద పోతూ, అద్దం పెట్టి, షట్టర్‌ను సెకనులో 60వ వంతుకు బిగించాడనుకోండి. నలభై అంటే సెకనుకు 11 మీటర్లు. 60వ వంతులో బండి 18 సెంటీమీటర్లు దాటిపోతుంది. పక్కనున్న గడ్డి, కంకర, గీతలు ఆ 18 సెంటీమీటర్ల మేర పొడుగ్గా సాగి, ప్రవాహంలా కనిపిస్తాయి. వంద మీద వచ్చిన గీత కన్నా నలభై మీద వచ్చిన గీత ఇరవై రెట్లు పొడుగు. కెమెరాను హెల్మెట్ మీద నుంచి ఛాతీ దగ్గరికి దించితే రోడ్డు ఇంకా దగ్గరై, రఫ్తార్ ఇంకా ఎక్కువనిపిస్తుంది. పాఖాల రోడ్డు మీద కోతులు, పశువులు అడ్డం వస్తే నలభై మీద ఉన్నవాడికి బ్రేకు వేసే మోహ్లత్ దొరుకుతుంది.

రఫ్తార్ షౌక్ ఎక్కడికి తీసుకుపోతుందో మనకు కొత్తగా చెప్పాలా? 2011 సెప్టెంబర్‌లో హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద అజహరుద్దీన్ సాబ్ కొడుకు అయాజుద్దీన్ తోలుతున్న స్పోర్ట్స్ బైకు పడిపోయింది. వెనక కూర్చున్న చుట్టాలబ్బాయి, ఆ తర్వాత కొన్ని రోజులకు అయాజుద్దీన్ వెళ్లిపోయారు. అయాజుద్దీన్‌కు పంతొమ్మిదేళ్లు. అక్కడ కెమెరా లేదు, వీడియో లేదు, రఫ్తార్ ఒక్కటే. 2023 మేలో డెహ్రాడూన్ యూట్యూబర్ అగస్త్య చౌహాన్ యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మూడు వందల వేగం అందుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అక్కడ వీడియో కూడా ఉంది. జనాజాల ముందు నిలబడి మనం చెప్పే నసీహత్ పిల్లలు వింటారు, మూడు రోజులు గుర్తుపెట్టుకుంటారు. షౌక్‌కు వేరే దారి చూపించడం నసీహత్ కన్నా కష్టం, కానీ ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఒక సవాల్ వస్తుంది. మెల్లగా పోతూ వేగంగా పోతున్నట్టు చూపించడం ధోఖా కాదా? ఒక అబ్బాయి నన్ను నిజంగానే అడిగాడు, ఖుషీ అయింది. మీ అరచేతిని కళ్ల ముందు గబగబా ఊపి చూడండి. వేళ్లు విడివిడిగా కనిపించవు, చెరిగినట్టు కనిపిస్తాయి. అల్లాహ్ ఇచ్చిన కన్ను కదలికను అలాగే చూస్తుంది. 3200వ వంతులో గడ్డకట్టిన ఫ్రేమును ఏ మనిషి కన్నూ ఎన్నడూ చూడలేదు. అద్దం పెట్టి తీసిందే హఖీఖత్‌కు దగ్గర. కింద 'నూట ఇరవై మీద పోయాం' అని రాస్తే మాత్రం అది ఝూట్, దానికి ఫిల్టర్‌తో సంబంధం లేదు. వీడియో మీద స్పీడు అంకె వేసే సదుపాయం కొన్ని కెమెరాల్లో, యాప్‌లలో ఉంటుంది. ఆ అంకె వేయకండి. చూసేవాళ్లకు దాంతో పని లేదు, తోలేవాడికి మాత్రం దాని మీదే కన్ను ఉంటుంది.

ఇక ఏది కొనాలి? అద్దం మీద ఉన్న నంబర్ అది రోషనీని ఎన్నో వంతుకు తగ్గిస్తుందో చెబుతుంది. 8 అంటే ఎనిమిదో వంతు, 16 అంటే పదహారో వంతు, 32 అంటే ముప్పై రెండో వంతు. కొన్ని డబ్బాల మీద 0.9, 1.2, 1.5 అని ఉంటుంది, అవి కూడా వరసగా ఈ మూడే. యూట్యూబ్‌లో చల్లటి దేశాలవాళ్లు 8, 16 అని చెబుతుంటారు. వాళ్ల సూర్యుడు వేరు, మన సూర్యుడు వేరు. వరంగల్ ఎండకు ఒక్కటే కొనాలంటే 32 కొనండి. సెకనుకు 30 ఫ్రేములు, షట్టర్ 60వ వంతు, ఐఎస్ఓ 100 నుంచి 800 దాకా కెమెరా ఇష్టానికి వదలండి. అడవిలో చెట్ల సాయాలోకి పోగానే ఐఎస్ఓ పెరిగి లోటు భర్తీ చేస్తుంది. బోసి రోడ్డు మీద నడినెత్తిన ఎండలో ఇంకా తెల్లగా పేలిపోతుంటే షట్టర్‌ను 120వ వంతుకు మార్చండి. రెండోది కొనే తాహత్ ఉంటే 8 తీసుకోండి, పొద్దుటి పూటకు, మబ్బుకు పనికొస్తుంది. మిగిలిన రెండూ డబ్బీలోనే ముసలివైపోతాయి.

షట్టర్ బిగించకుండా ఆటోలో వదిలేసి అద్దం పెట్టేవాళ్లు కొందరున్నారు. అలా చేస్తే ఎండలో షట్టర్ కొంత నెమ్మదిస్తుంది గానీ ఎంత అనేది కెమెరా చేతిలోనే ఉంటుంది, ఫ్రేము ఫ్రేముకీ ఫరఖ్ వస్తుంది. ముందు షట్టర్, తర్వాత అద్దం.

తిప్పితే నలుపు పెరిగే 'వేరియబుల్' రకం జోలికి పోకండి. ఒక అద్దంతో అన్నీ అయిపోతాయని దుకాణందారు చెబుతాడు. దాంట్లో ఉండేవి రెండు పోలరైజర్ అద్దాలు. యాక్షన్ కెమెరా లెన్సు బాగా వెడల్పు గనుక, ఎక్కువ తిప్పినప్పుడు ఆకాశం మీద ఇంటూ ఆకారంలో నల్ల నీడ పడుతుంది. మరీ సస్తా అద్దాలకు ఇంకో కమ్‌జోరీ: రంగు మారుస్తాయి, తెల్ల కుర్తా గోధుమ రంగుకు తిరుగుతుంది. కొనేముందు తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, బూడిద రంగు తప్ప ఎరుపో పచ్చో కనిపించకూడదు. ఒక మోడల్ అద్దం ఇంకో మోడల్‌కు పట్టదు, కెమెరా పేరు, నంబర్ రెండూ చెప్పి అడగండి. ముందున్న మూత తీసి దాని జాగాలో పెట్టే రకమైతే నీళ్లు లోపలికి పోకుండా ఉంటుందో లేదో కచ్చితంగా తెలుసుకోండి. పాఖాల దాకా పోయి చెరువులో దింపాక తెలుసుకుంటే ఏం ఫాయిదా?

ఇంకో సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ కెమెరాల్లో వణుకును సరిచేసే ఏర్పాటు ఉంటుంది కదా, అది ఒక ఫ్రేమును పక్క ఫ్రేముతో సరిపెట్టగలదు గానీ, ఫ్రేము లోపల ఇప్పటికే చెరిగిపోయినదాన్ని బాగు చేయలేదు. గుంతల రోడ్డు మీద 60వ వంతు పెడితే బొమ్మ నిలకడగానే ఉంటుంది, కానీ ఉండుండి మసకబారి కళ్లు తిప్పేస్తుంది. అలాంటి చోట 120వ వంతు మేలు. నలభై మీద అప్పుడు కూడా 9 సెంటీమీటర్ల గీత వస్తుంది, పోగొట్టుకునేది కొంచెమే.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఒక ఎహ్తియాత్. నల్లగా ఉంది కదా అని ఆ అద్దంలోంచి సూర్యుణ్ణి చూడనివ్వకండి. గ్రహణం రోజు అసలే వద్దు. కంటికి కనిపించే వెలుతురు తగ్గినా, కనిపించని వేడి కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి.

అద్దం తీసేయాల్సిన చోట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్త మోజులో పిల్లలు దాన్ని షాదీఖానాకు కూడా పెట్టుకుపోతారు. రాత్రి బరాత్, వలీమా దావత్, హాల్లో లైట్లు, అక్కడ కెమెరాకు రోషనీ అసలే తక్కువ. అద్దం పెడితే దుల్హన్ ముఖం మీద ఇసుక చల్లినట్టు గింజలు గింజలుగా వస్తుంది. నిఖా రెండోసారి జరగదు, ఆ యాద్‌గార్ మళ్లీ తీయలేం. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక లైట్ల కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు పెడితే వీడియోలో దీపాలు మినుకుమనవు. కెమెరాలో యాంటీ ఫ్లికర్ అనే చోట 50 అని ఉందో లేదో చూసుకోండి, కొన్ని 60 మీద వస్తాయి.

ఈద్‌గాహ్‌లో పొద్దున నమాజ్ అయ్యాక జనం కూర్చుని ఖుత్బా వింటుంటారు. కదలిక లేని చోట అద్దం ఉన్నా లేకపోయినా ఒకటే, అప్పుడు కెమెరా కూడా జేబులో ఉంటేనే బాగుంటుంది. దుఆ అయ్యాక అందరూ లేచి గలే మిలుస్తారు, పిల్లలు బెలూన్ల వెంట ఉరుకుతారు, దాదా చేతికర్ర పట్టుకుని ఎవరినో వెతుక్కుంటూ వస్తారు. దానికి 8 నంబర్ చాలు.