కొనకముందే కాడి కట్టి చూడండి



లూకా సువార్త 14వ అధ్యాయములో గొప్ప విందుకు పిలువబడి, రాకుండ సాకులు చెప్పిన ముగ్గురిని గూర్చిన ఉపమానము మనకందరికీ తెలిసినదే. వారిలో రెండవవాడు ఐదు జతల ఎద్దులను కొన్నాడు. కొన్న తరువాత వాటిని పరీక్షించడానికి బయలుదేరాడు. విందును కాదన్నందుకు మనము అతనిని తప్పుపడతాము. కాని మన రైతు సోదరులకు ఇంకొక సందేహము కూడ రావాలి. కొన్న తరువాత పరీక్షించడమేమిటి?

మన పెద్దలు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూచేవారు, గిట్టలు చూచేవారు, నాలుగడుగులు నడిపించేవారు. కాడి కట్టి, బండి లాగించి, అప్పుడు మొలలోని సొమ్ము తీసేవారు. అమ్మేవాడు దానికి కోపగించుకొనేవాడు కాదు. అదే ఇంటి పిల్లలు నేడు ఖమ్మం పోయి, ఏడెనిమిది లక్షల కారును రంగు చూచి, మెత్తని సీటులో ఒకసారి కూర్చుని అడ్వాన్సు కట్టి వస్తున్నారు.

2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింది. "అయ్యగారూ, ఈసారి మిర్చి అమ్మగానే కారు తీసుకుందామా?" అని అడిగేవారు మన సంఘములలో కూడ ఉన్నారు. కొనవద్దని చెప్పడానికి ఈ మాటలు వ్రాయడం లేదు. టెస్ట్ డ్రైవ్ అంటే ఆ పాత కాడి కట్టి చూడడమే. దానిని సరిగా చేయండని వ్రాస్తున్నాను.

షోరూముకు పోకముందే ఫోను చేసి, మీరు కొనదలచిన రకము బండి నడిపి చూడడానికి ఉన్నదో లేదో అడగండి. చాలాసార్లు అన్ని హంగులు ఉన్న ఖరీదైన రకమే అక్కడ ఉంటుంది. మీరు కొనేది తక్కువ ధరది. నడిపిన బండిలో ఉన్నవాటిలో ఏవి మీ బండిలో ఉండవో కాగితము మీద వ్రాయించుకోండి. డ్రైవింగ్ లైసెన్సు వెంట తీసుకొని పోవాలి. ఎల్.ఎల్.ఆర్. మాత్రమే ఉంటే, లైసెన్సు ఉన్న అనుభవస్థుని తీసుకొని పోయి అతనిచేత నడిపించండి. వారు సంతకము అడిగితే, బండికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదో చదివి తెలిసికొన్న తరువాతనే చేయండి.

మొదట వారి మనిషి నడిపి చూపిస్తాడు. తరువాత మీకు ఇస్తాడు. పది పదిహేను నిమిషములు నున్నని రోడ్డు మీద తిప్పి తీసుకొని వస్తారు. నున్నని రోడ్డు మీద ప్రతి బండీ బాగానే ఉంటుంది. మీ బండి తిరగవలసినది ములకలపల్లి, దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారులలో. కాబట్టి గతుకుల దారి, ఎత్తు, స్పీడు బ్రేకరు ఉన్న చోటికి తీసుకొనిపొమ్మని మర్యాదగా అడగండి. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చోండి. ఐదుగురి బరువుతో స్పీడు బ్రేకరు దాటేటప్పుడు అడుగు తగులుతున్నదా? ఎత్తు ఎక్కేటప్పుడు ఏ.సి. వేస్తే ఇంజను నీరసపడుతున్నదా? పాటలు ఆపించి ఇంజను చప్పుడు వినండి. ఖాళీ రోడ్డు మీద, వెనుక ఎవరూ లేరని చూచుకొని, బ్రేకు వేసి చూడండి. బండి ఒక ప్రక్కకు లాగకూడదు. వెనుకకు తీసి, ఇరుకు చోట మళ్లించి చూడండి. మోకాళ్ల నొప్పులున్న తల్లిని తీసుకొని పోయి ఎక్కించి దింపి చూడండి. ఆమెకు కష్టమైతే ఎంత అందమైన బండి అయినా మీ ఇంటికి తగినది కాదు.

రంగును గూర్చి అడిగినంత శ్రద్ధగా ప్రాణరక్షణను గూర్చి కూడ అడగండి. భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష 2023 అక్టోబరు 1 నుండి మన దేశములో అమలులోనికి వచ్చింది. కారును గోడవంటి అడ్డునకు ఢీకొట్టించి, పెద్దలకు, పిల్లలకు వేరువేరుగా నక్షత్రములు ఇస్తారు. ఐదు నక్షత్రములు అన్నిటికంటె మేలు. కంపెనీలు తమంతట తాము ముందుకు వచ్చి చేయించుకొనే పరీక్ష గనుక అన్ని కార్లకూ ఈ గుర్తింపు ఉండదు. మీరు కొనే కారుకు ఉన్నదా అని అడగండి. వెనుక కూర్చున్నవారు కూడ సీటు బెల్టు పెట్టుకోవాలన్నది చట్టము. ఆ బెల్టులు పిల్లలకు సరిగా అందుతున్నవా అని టెస్ట్ డ్రైవ్‌లోనే చూడండి.

ఇక అసలు కష్టము దిగిన తరువాత మొదలవుతుంది. కుర్చీ వేస్తారు, చల్లని పానీయము ఇస్తారు, "సార్, మేడమ్" అంటారు. ఈ రోజే అడ్వాన్సు కడితే ఇంత తగ్గిస్తామంటారు. మన పల్లెవారికి అక్కడ మొహమాటము పట్టుకుంటుంది. ఇంత మర్యాద చేసిన తరువాత వట్టిగా లేచిపోతే ఏమనుకుంటారో, మన దగ్గర డబ్బు లేదనుకుంటారేమో అని సంతకము చేస్తారు. ప్రియులారా, మొహమాటము వినయము కాదు. టెస్ట్ డ్రైవ్ చేసినంత మాత్రాన కొనాలన్న నిబంధన లేదు. "ఇంట్లో మాట్లాడుకొని చెబుతాము" అనడము అమర్యాద కాదు.

ఇంటికి వచ్చి కూర్చుని లెక్క వేయండి. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు అదే అధ్యాయములో నేర్పించాడు. నెలకు 12,000 రూపాయల కిస్తీ అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. ఏడేండ్లు, అనగా 84 నెలలు కడితే 10,08,000 రూపాయలు. పత్తి, మిర్చి సొమ్ము సంవత్సరమునకు ఒకసారి వస్తుంది. కిస్తీ ప్రతి నెలా వస్తుంది. తెగులు వచ్చిన ఏడు ఆ కిస్తీ ఎక్కడ నుండి కట్టాలో భార్యాభర్తలు ముందే మాట్లాడుకోవాలి. షోరూము ధర ఒకటి, లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపి రోడ్డు మీదికి వచ్చే ధర మరొకటి. రెండూ వ్రాయించుకోండి. ఇన్సూరెన్సు అక్కడే తీసుకోవాలన్న నియమము లేదు. బయట అడిగి పోల్చుకోవచ్చును. సర్వీసు సెంటరు ఎంత దూరమో చూడండి. దుమ్ముగూడెం వారికి ఖమ్మం వంద కిలోమీటర్లు దాటిన దూరము.

బండి తీసుకొనే రోజున మరల పరీక్షించండి. మీరు నడిపినది వేరు, మీకు ఇచ్చేది వేరు. తయారైన నెల, మీటరులో కిలోమీటర్లు, కాగితముల మీద ఛాసిస్ నంబరు, టైర్లు, గీతలు, అన్నీ పగటి వెలుగులో చూచుకొని సంతకము చేయండి. ఆ తరువాత ప్రార్థనకు పిలవండి, సంతోషముగా వస్తాము.

అడవి అంచున మన పల్లెలలో కారు ఒక్క ఇంటిది కాదు. అర్ధరాత్రి పురుటి నొప్పులు వచ్చిన ప్రక్కింటి బిడ్డను భద్రాచలం ఆసుపత్రికి చేర్చవలసినది అదే. ఆ రాత్రి బ్రేకులు పనిచేయాలి, దీపములు వెలగాలి, ఇంటి యజమాని మీద కట్టలేని అప్పు ఉండకూడదు. దానికొరకు ఒక పూట శ్రమపడి పరీక్షించడము అవిశ్వాసము కాదు, దేవుడిచ్చిన సొమ్మునకు నమ్మకమైన గృహనిర్వాహకత్వము. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.