పాత పెట్టెలోనే చోటుంది!

మన డిపార్టుమెంటు కంప్యూటర్లో ప్రాజెక్టులు దాచడానికి చోటు చాలదట, కొత్తది కొనాలట! పాతదాని మూత విప్పి చూశారా ఎవరైనా? సీడీల కాలం నాటి 5.25 అంగుళాల అరలు మూడు ఖాళీగా పడున్నాయి. వాటి వెడల్పు 146 మిల్లీమీటర్లు, హార్డ్ డిస్కు మందం 26. పడుకోబెడితే అరకొకటి, ఫ్యానున్న చట్రం బిగించి నిలబెడితే మొత్తం ఐదు పడతాయి.

అలాగని తొందరపడొద్దు. తిరగడం మొదలెట్టేటప్పుడు ఒక్కో డిస్కు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. పవర్ సప్లై ఓర్చుకుంటుందో లేదో ముందే లెక్క చూడాలి.

మరో మాట. డిస్కులు ఐదైనా పెట్టె ఒక్కటే. పిడుగు పడితే ఐదూ పోవచ్చు. కాబట్టి మిత్రులారా, ఒక నకలు లైబ్రరీలో వేరే ఉంచుదాం. మన సీనియర్ల కష్టం ఒక్క పెట్టెను నమ్ముకుని ఉండకూడదు.